తిండికి మార్కులేమిట్రా!

ఒరేయ్ అబ్బాయ్, చేతిలో ఆ ఫోను కాస్త పక్కన పెట్టి నా మాట విను. పెట్టవని తెలుసు. పోనీ, అందులోనే చదువు.

నాకు 74 ఏళ్ళు. ముప్ఫై రెండేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సైన్సు చెప్పి రిటైరయినవాణ్ణి. సమతులాహారం పాఠం నేను చెప్పినన్నిసార్లు మీ ఇంట్లో నలుగురూ కలిసి కూర్చుని అన్నం తిని ఉండరు. అలాంటి నన్ను, కాటికి కాళ్ళు చాచుకున్న వయసులో, మా కోడలు తీసుకెళ్ళి ఈ కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో పడేసింది. చదువేమిటయ్యా అంటే న్యూట్రిషన్. అంటే తిండి. తిండి గురించి చదవడానికి కాలేజీ, దానికి మూడు యూనిట్లు, మంగళవారం గురువారం సాయంత్రం ఆరింటికి క్లాసు, పైగా పరీక్షలు. మా రోజుల్లో తిండికి ఒక్కటే పరీక్ష ఉండేది, ఉందా లేదా అని.

ఎందుకు పడేసిందో కూడా చెప్పాలిగా. ఒంట్లో షుగరు కాస్త ఎక్కింది. కాస్తంటే కాస్తేలే. డాక్టరు ఒక డైటీషియన్ పిల్ల దగ్గరికి పంపితే, ఆ పిల్ల నా అన్నం సగానికి తగ్గించమంది. "అమ్మా, నేనీ పాఠం చెప్పేనాటికి నువ్వు పుట్టలేదు" అన్నాను. మర్యాదగానే అన్నాను. తిరిగొస్తూ కారులో మా కోడలు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ అమ్మాయి మాట్లాడితే భయం లేదు, మాట్లాడకపోతేనే భయం. ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచి, "మావయ్య గారూ, మీకు అంతా తెలుసు కదా. మరి పరీక్ష రాసి చూపించండి" అంది. మాస్టార్ని పట్టుకుని పరీక్షకి రమ్మంటే వెనక్కి పోతాడటోయ్?

చేరడం చూడు ఎలా ఉందో. 1967లో నన్ను కాకినాడ పి.ఆర్. కాలేజీలో పి.యు.సి.లో చేర్పించడానికి మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, టీసీ, కాండక్టు సర్టిఫికెట్టు, మార్కుల కాగితం గుడ్డసంచిలో పెట్టుకుని, రేవు దాటి, బస్సెక్కి, ఆ ఆఫీసు గుమాస్తా ముందు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుమాస్తా భోజనానికి వెళ్తే అక్కడే నిలబడ్డాడు. సీటు వచ్చిందని తెలిశాక బయటికొచ్చి సోడా తాగాడు. అదీ చదువంటే! ఇక్కడ? పద్దెనిమిది నిండిన ఎవరైనా చేరొచ్చుట. ఎంట్రన్సు లేదు, ర్యాంకు లేదు, సిఫారసు ఉత్తరం లేదు. ఇలాంటి కాలేజీలు ఈ ఒక్క రాష్ట్రంలోనే 116 ఉన్నాయి. దేశం మొత్తంలో మొదటిది 1901లో ఇల్లినాయి రాష్ట్రంలో జోలియట్ అనే ఊళ్ళో పెట్టారుట. మా కోడలు సోఫాలో కూర్చుని, పాలు పొంగే లోపల నన్ను చేర్చేసింది. చదువు మరీ అంత లోకువైపోతే ఎలా? అయినా మా నాన్న ఆ గుమాస్తా ముందు అంతసేపు నిలబడకుండా ఉంటే చదువుకేం తక్కువయ్యేదో నాకిప్పటికీ తెలీదనుకో.

ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. గ్రీన్ కార్డు వచ్చి ఏడాది దాటింది కాబట్టి ఆ ధర. మూడు యూనిట్లకి 138. మా ఇంట్లో డాలర్లని రూపాయల్లోకి మార్చకూడదని రూలు. మార్చాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మొదటి రోజు క్లాసుకి పావుగంట ముందే వెళ్ళి మొదటి బెంచీలో కూర్చున్నాను. బెంచీలు కాదులే, చక్రాల కుర్చీలు. కూర్చుంటే అవే జరిగిపోతాయి. ముప్ఫై అయిదు మంది వచ్చారు. సగం మంది నర్సింగులో చేరాలనుకునేవాళ్ళు, దానికి ముందు ఈ న్యూట్రిషన్ గట్టెక్కాలిట. ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ, నా పెద్దకూతురి వయసుంటుంది, వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి, పగలు కాసేపు పడుకుని క్లాసుకి వస్తుంది. నా పక్కన కూర్చునే కుర్రాడి తాతముత్తాతలది మెక్సికో. పగలంతా టైర్ల షాపులో పని, గోళ్ళ సందుల్లో నల్లటి మడ్డి. ఒకడి చేతిలో బకెట్టంత ఐసు కాఫీ. ఇంకొకడు క్లాసులోనే ఏదో చుట్ట చుట్టిన రొట్టె నములుతున్నాడు. క్లాసులో తిండి! మా రోజుల్లో నోట్లో ఉసిరికాయ ఉందని బెంచీ ఎక్కించారు నన్ను.

మేడమ్ లోపలికి రాగానే నేను లేచి నిలబడ్డాను. నేనొక్కణ్ణే. ఆవిడ నా వంక చూసి, చాలా దయగా, "రెస్ట్‌రూమ్ అయితే బయటికెళ్ళి ఎడమ చేతి వైపు" అంది.

ఆ తర్వాత లేవలేదు. పేరు పెట్టి పిలవమంది మమ్మల్ని. నాలుగు నెలలూ మేడమ్ అనే పిలిచాను. కొన్ని నోరు తిరగవు.

రెండోవారం క్విజ్ పెట్టింది. ఇరవై ప్రశ్నలు. ఒరేయ్, నాకు పదకొండు వచ్చాయి. నవ్వకు. మన పద్ధతి వేరు. పిండిపదార్థాలు ఏమి చేయును? శక్తినిచ్చును. మాంసకృత్తులు ఏమి చేయును? శరీర నిర్మాణమునకు తోడ్పడును. ప్రశ్నకి ఒక మార్కు, చేతిరాత బాగుంటే మాస్టారి మనసులో ఇంకో అర. ఈవిడేమో బిస్కెట్ల పొట్లం మీది చీటీ బొమ్మ వేసి, కొవ్వు 8 గ్రాములు, పిండిపదార్థం 22, ప్రొటీను 3, మొత్తం కేలరీల్లో కొవ్వు వాటా ఎంత అని అడిగింది. నేను "ఎక్కువ" అని రాశాను. తప్పేముంది అందులో? గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, మిగతా రెంటికీ నాలుగేసి అని లెక్క కట్టాలిట. అలా కడితే 172లో 72, అంటే 42 శాతం. సరే, ఎక్కువే కదా! అదే చెప్పాను. మేడమ్ నవ్వింది కానీ మార్కు వెయ్యలేదు. నా ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో నేను కూడా అలాంటి జవాబుకి మార్కు వేసి ఉండనులే, అది వేరే సంగతి.

కొలతలు ఇంకో బాధ. మాంసం ముక్క పేకముక్కల కట్టంత ఉండాలి, అన్నం పిడికిలంత ఉండాలి. తిండికి పేక కొలతా? మా ఇంట్లో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బియ్యం కొలిచేటప్పుడు మా అమ్మ మొదటి మానికని ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు. సోల నిండా పోసి చేత్తో కొట్టేస్తే ఒక లెక్క, గోపురం కట్టి పోస్తే ఇంకో లెక్క. చుట్టాలొస్తే గోపురం. నెలాఖరైతే చెయ్యి సోల మీదినించి కత్తిలా పోయేది. చిన్నప్పుడు ఆ తేడా నాకు తెలిసేది కాదు, రాత్రి పెరుగన్నం దగ్గరికొచ్చాక తెలిసేది.

ఇక్కడి ప్రభుత్వం జనానికి ఏం తినాలో బొమ్మ గీసి చూపిస్తుందిట. 1992లో పిరమిడ్ గీశారు. 2005లో దాన్ని నిలువుగా చీల్చి పక్కన మెట్లు కట్టి, ఒక మనిషిని ఎక్కించారు. 2011లో పిరమిడ్ తీసేసి పళ్ళెం పెట్టారు, సగం కూరలూ పళ్ళూ, మిగతా సగం గింజలూ ప్రొటీనూ. ఏడాదికో బొమ్మ మార్చడానికి తిండేమన్నా సినిమా వాల్‌పోస్టరా? మన అరిటాకు మారిందిటోయ్? కుడివైపు కింద పప్పు, పైన కూర, ఆ మూల పచ్చడి, మధ్యలో… మధ్యలో ఏమిటో మేడమ్ బోర్డు మీద గియ్యమంది. గీశాను. అన్నం కొండంత గీశాను, కూరలు గులకరాళ్ళలా వచ్చాయి. క్లాసంతా నిశ్శబ్దంగా చూసింది. ఆ టైర్ల కుర్రాడు మాత్రం "కూల్" అన్నాడు.

ఆ తర్వాత మూడు రోజుల తిండి లెక్క రాయమంది. నోట్లో ఏది పడితే అది రాసి, కంప్యూటర్లో ఎక్కించాలి. మొదటి రోజు పొద్దున రెండు ఇడ్లీలు అని రాశాను. మా కోడలు వెనక నించి చూసి నాలుగు చేసింది. "మధ్యాహ్నం నెయ్యి రాయలేదు మావయ్య గారూ" అంది. నెయ్యి తిండి కాదమ్మా, అలవాటు అన్నాను. అదీ రాసింది. గోంగూర పచ్చడి అని కొడితే ఆ కంప్యూటరు నీకేం కావాలి అన్నట్టు తెల్లబోయి చూసింది. పప్పుచారు దానికి తెలీదు, మజ్జిగ పులుసు తెలీదు. తెలీని దానితో తిండి గురించి మాటలేమిటి? అప్పుడు మా కోడలు హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2017లో వేసిన పట్టికలు తీసి ఇచ్చింది. మన దేశపు తిండి 528 రకాలు, దేంట్లో ఏముందో తూచి రాశారు. అందులో గోగాకు ఉంది రా! పచ్చది వేరే, ఎర్రది వేరే. పెళ్ళిలో చుట్టం దొరికినట్టయింది ప్రాణానికి.

చుట్టం దొరికిందని సంబరపడితే ఆ చుట్టమే పరువు తీసింది. మనిషికి రోజుకి సోడియం 2300 మిల్లీగ్రాములు దాటకూడదుట, అంటే ఒక టీస్పూను ఉప్పులో ఉండేంత. నాది 4 వేల పైచిలుకు. కంప్యూటరు తెర మీద ఎర్రగీత పొడుగ్గా సాగి అంచు దాటిపోయింది. ఆవకాయ, అప్పడం, మజ్జిగలో ఉప్పు, మళ్ళీ ఆవకాయ. పోనీ ప్రొటీను? 68 కిలోల మనిషిని, 54 గ్రాములు కావాలి. 41 వచ్చింది. రోజూ పప్పు తింటాను కదా అన్నాను. "మన పప్పుచారులో పప్పెంత, చారెంత?" అంది మా కోడలు. ఆ అమ్మాయి సాఫ్ట్‌వేరులో ఎందుకుందో, పోలీసు డిపార్టుమెంటులో ఉండాల్సింది.

ఇక బియ్యం సంగతి. దంపుడు బియ్యం గురించి నేను ఎప్పుడు మొదలుపెట్టినా మా మనవడు చెవుల్లో ఆ తెల్లటి పుల్లలు పెట్టుకుంటాడు. కానీ క్లాసులో మేడమ్ తనంతట తనే ఆ మాట ఎత్తింది. జావా దీవిలో ఐక్మన్ అనే డచ్చి డాక్టరు, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకి కాళ్ళు పడిపోవడం, ముడి బియ్యం పెడితే లేచి తిరగడం చూశాడు. బెరిబెరి గుట్టు అలా దొరికింది. 1929లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. నేను చెయ్యెత్తాను. మా జిల్లాల్లోనూ ఉండేది మేడమ్ అన్నాను. సర్కారు జిల్లాలు, మద్రాసు రాజధానిలో బెరిబెరికి పేరుపడ్డవి మనవే. మెక్కారిసన్ అనే ఆయన 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెడితే, అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరి తార్నాక సంస్థ అయింది. ఇదంతా గర్వంగానే చెప్పాను. చెబుతూ ఉండగా మధ్యలో నాకే ఏదో తేడా కొట్టింది. గర్వపడేది రోగానికా?

అసలు సంగతేమిటంటే, మరలు వచ్చాక మనవాళ్ళు పచ్చి బియ్యాన్ని మల్లెపువ్వులా పట్టించుకున్నారు. తమిళదేశంలో వడ్లు ఉడకబెట్టి ఆరబెట్టి ఉప్పుడు బియ్యం తినేవారు. అలా ఉడకబెడితే తవుట్లో ఉన్న విటమిన్ గింజలోకి ఇంకుతుందిట. మా ఊళ్ళో ఉప్పుడు బియ్యం అంటే ముక్కు మూసుకునేవాళ్ళం, అరవవాళ్ళ తిండని వెక్కిరించేవాళ్ళం. వెక్కిరించిన మనకి బెరిబెరి వచ్చింది, వాళ్ళకి అంతగా రాలేదు. తవుడేమో గేదెకి పెట్టేవాళ్ళం. ఏ గేదెకీ కాళ్ళు వాయలేదు.

అయినా దంపుడు బియ్యం గొప్పదనం గొప్పదనమే. మా ఇంట్లో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు ఎత్తి వేస్తుంటే ఆ చప్పుడుకి ఇల్లు ఊగేది. ఆ చప్పుడు నాకిప్పటికీ ఇష్టం. దంచింది నేను కాదు కనక.

ఇంకోటి చెప్పి మళ్ళీ తిట్టడం మొదలుపెడతాను. విటమిన్ ఎ పాఠం రోజు. ఈ పాఠం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. విటమిన్ ఎ లోపించిన రేచీకటి కలుగును. బోర్డు మీద పట్టిక గీసి, బెత్తంతో చూపించి, పిల్లల చేత కోరస్ పాడించినవాణ్ణి. అందుకని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. మేడమ్ చెప్పుకుపోతోంది, పిల్లలకే కాదు, బీదదేశాల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి కూడా ఆఖరి నెలల్లో రేచీకటి వస్తుంది, పురుడయ్యాక చాలామందికి సర్దుకుంటుంది, అందుకని ఎవరూ జబ్బనుకోరు అని.

మా చెల్లెలు కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ దీపాలవేళ దాటితే గోడ పట్టుకుని నడిచేది. వంటింట్లోంచి వసారాలోకి రావాలంటే ముందు అరిచేత్తో గడప తడుముకునేది. నీళ్ళోసుకున్నవాళ్ళకి అంతేలే, పురుడొస్తే పోతుంది అని మా నాయనమ్మ. నాకు ఏడేళ్ళు. ఒకరోజు సాయంత్రం దారిలో ఇత్తడి చెంబు పెట్టి, స్తంభం వెనక నక్కి కూర్చున్నాను. ఆవిడ తన్నుకుంది. చెంబు దొర్లుకుంటూ వాకిట్లోకి పోయింది. నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. నొప్పి పెట్టిందేమో నేను అడగలేదు.

మా పెరట్లో మునగచెట్టు ఉండేది. కాయలు మాకు, ఆషాఢంలో ఒకటి రెండుసార్లు ఆకు కూర, మిగతా ఏడాదంతా ఆకు మేకలకి. తార్నాక పట్టికలో మునగాకు వరస చూశాను ఆ రాత్రి. మేకలకి బాగానే కనిపించి ఉంటుంది చీకట్లో. ముప్ఫై రెండేళ్ళు ఆ పట్టిక బోర్డు మీద గీశాను రా నేను. ఒక్కసారైనా ఆ చెంబు గుర్తుకు రావాలా వద్దా?

సరే, పోనీ. ఎక్కడున్నాం? ఈ కాలం పిల్లలు. ఈ కాలం పిల్లలకి తిండి అంటే ఒక పేరు. కార్బు, కీటో, గట్ హెల్తు. పొట్ట అంటే చాలదుటరా? మొన్నటిదాకా కొర్రలు, సామలు అంటే బీదవాళ్ళ తిండి. ఐక్యరాజ్యసమితి వాళ్ళు 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారో లేదో, ఇక్కడ ఇండియన్ స్టోర్లో సన్నబియ్యం కన్నా వాటి ధరే ఎక్కువ. నేను క్లాసులో గట్టిగానే చెప్పాను, జొన్నరొట్టె తిన్నవాడికి ఏ రోగమూ రాదు అని. మేడమ్ కాసేపు ఆలోచించి, పెలాగ్రా మాట చెప్పింది. చర్మం మీద మచ్చలు, విరేచనాలు, మతి చెడటం. జొన్నే ఆధారంగా బతికే పేదల్లో మన దక్కనులోనే ఉండేదిట. హైదరాబాదులో గోపాలన్ గారు, శ్రీకంఠయ్య గారు 1960లో దానిమీదే రాశారుట, జొన్నలో లూసిన్ అనేది ఎక్కువ ఉండటమే కారణమా అని. నాకెందుకు తెలుస్తుంది? నేను పుట్టి పెరిగింది కోనసీమ వరినీళ్ళలో. జొన్నరొట్టె మొదటిసారి నోట్లో పెట్టుకున్నది అరవై దాటాక, షుగరు వచ్చాక. తినకుండానే దాన్ని పొగుడుతూ వచ్చాను. మా తరంలో చాలామందిమి అంతే, తిన్నది వేరు, పొగిడేది వేరు.

పెలాగ్రా అనగానే మా టైర్ల కుర్రాడు లేచాడు. అంటే లేవలేదు, చెయ్యెత్తాడు. వాళ్ళ అమ్మమ్మ మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడకబెట్టి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్న చేతుల్తో రుద్ది పొట్టు కడిగి రుబ్బుతుందిట. ఎందుకే అంటే మా అమ్మ అలాగే చేసేది అంటుందిట. మేడమ్ మొహం వెలిగిపోయింది. ఆ సున్నంలోనే ఉంది అంతా. మొక్కజొన్నలో కట్టుబడి ఉన్న నయాసిన్‌ని సున్నం విడిపిస్తుంది. మొక్కజొన్నని పట్టుకుపోయిన తెల్లవాళ్ళు గింజలు పట్టుకుపోయారు కానీ సున్నం వదిలేశారు. దాంతో యూరపులోనూ, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ అమెరికా దక్షిణాదిలోనూ పెలాగ్రా చెలరేగింది. గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు అది అంటురోగం కాదు, తిండిలోపం అని చెబితే ఎవరూ నమ్మక, రోగుల రక్తం తనకి ఎక్కించుకుని మరీ చూపించాడు.

చూశావా, అమ్మమ్మ మాట! మా రోజుల్లో కూడా పెద్దవాళ్ళు చెబితే ఎందుకని అడిగేవాళ్ళం కాదు అని ఆ కుర్రాడి భుజం తట్టాను. వాడు నిజమే సార్ అన్నాడు. వాడొక్కడే నన్ను సార్ అంటాడు. తర్వాత వాడే అడిగాడు, "మరి మీ వాళ్ళు తవుడు గేదెలకి ఎందుకు పెట్టారు సార్?" అని. ఎందుకని అడగలేదు కనకే.

నాకు పరువు దక్కిన రోజు కూడా ఒకటుంది. ఫోలిక్ యాసిడ్ పాఠం. 1998 నుంచి ఈ దేశంలో రొట్టెల పిండిలో అది కలిపి తీరాలని చట్టంట, పుట్టే పిల్లలకి వెన్ను లోపాలు రాకుండా. నేను చెయ్యెత్తి, దాన్ని 1945లో ల్యాబులో తయారుచేసిన బృందానికి పెద్ద మా భీమవరం మనిషి అన్నాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు. అన్నదమ్ములిద్దరు పేగుల జబ్బుతో పోతే, ఆ మనిషి ఈ దేశమొచ్చి, లెడర్లీ కంపెనీలో కూర్చుని ఆ రకం జబ్బులకే మందు తీశాడు. మేడమ్‌కి ఆ పేరు తెలీదు. బోర్డు మీద రాయమంది. తెలుగులో కూడా రాశాను. ఫిలిప్పీన్స్ ఆవిడ ఫోటో తీసుకుంది. ఆ రోజు ఇంటికి నడిచే వెళ్ళాను, కారు వద్దని. మూడు మైళ్ళు. రెండో మైలులో మోకాలు గుర్తొచ్చింది, ఫోను చేసి కారు తెప్పించుకున్నాను.

కానీ ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడలేదు. ఆహార భద్రత అని పాఠం. వండిన తిండిని 40 డిగ్రీలకీ 140 డిగ్రీలకీ మధ్య, వీళ్ళ ఫారెన్‌హీట్ లెక్కలో, రెండు గంటల కన్నా ఎక్కువసేపు ఉంచకూడదు. దాని పేరు డేంజర్ జోన్. ఒరేయ్, నా బాల్యమంతా గడిచింది ఆ జోన్‌లోనేరా! రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి కుండలో మూత పెడితే, పొద్దున్నే ఆ పులిసిన చద్దన్నం, మీద ఇంత పెరుగు, ఉల్లిపాయ చితక్కొట్టి, పచ్చిమిరపకాయ, అంచుకి మాగాయ టెంక. తిని మూడు మైళ్ళు నడిచి బడికెళ్ళేవాళ్ళం. (రెండే, కానీ రోడ్డు లేదు.) ఈ సంగతి చెబితే మేడమ్ మొహం పాలిపోయింది. అన్నంలో ఒక రకం సూక్ష్మజీవి ఉంటుందిట, ఉడికించినా దాని బీజాలు చావవుట, బయట పెడితే విషం పుట్టిస్తుందిట. మరి మేమెలా బతికాం అన్నాను. "బతికినవాళ్ళే కదా క్లాసుకి వచ్చి చెప్పగలరు" అంది. మంచి మాటే. నేను వినపడనట్టు ఊరుకున్నాను.

పెరుగు సంగతేమిటి మరి, రాత్రంతా బయటే కదా తోడుకునేది అని పట్టుకున్నాను. చిక్కిందనుకున్నాను. చిక్కలేదు. లాక్టిక్ ఆమ్లం పుట్టి పులుపెక్కుతుంది, పి.హెచ్. 4.6 కన్నా కిందికి దిగితే చాలా దుష్ట సూక్ష్మజీవులు పెరగలేవు, మీ వాళ్ళు చేసింది సైన్సే అంది. నేను పోట్లాటకి వెళ్తే మెచ్చుకుని పంపించింది. ఈ కాలం టీచర్లతో ఇదే చిక్కు, మనస్ఫూర్తిగా పోట్లాడనివ్వరు. మా రోజుల్లో లెక్చరర్ని ఎదురు ప్రశ్న వేస్తే గెటౌట్ అనేవాడు. ఆయనకీ హాయి, మనకీ హాయి, బయట రావిచెట్టు కింద నీడ.

మొన్న డిసెంబరులో ఫైనల్ పరీక్ష. యాభై ప్రశ్నలు, నాలుగేసి జవాబులు, సరైనదానికి టిక్కు పెట్టడం. చేతిరాత చూసేవాడే లేడు, నా గుండ్రటి అక్షరాలు వృథా. చివరికి బి వచ్చింది. మా కోడలు కుటుంబం గ్రూపులో పెట్టేసింది, భీమవరం వియ్యంకుడు చప్పట్ల బొమ్మలు తొమ్మిది పంపాడు. షుగరు కూడా కాస్త దిగింది. మందు వల్లే అయ్యుంటుంది.

అందులో 37వ ప్రశ్న, వండిన ఆహారం డేంజర్ జోన్‌లో ఎంతసేపు ఉండవచ్చు? అరగంట, రెండు గంటలు, ఆరు గంటలు, రాత్రంతా. ఆ నాలుగోదాని దగ్గర పెన్సిలు చాలాసేపు ఆగింది. కుండ కనపడింది, మూత మీద బోర్లించిన రాతిచిప్ప కనపడింది. పక్కన టైర్ల కుర్రాడు అప్పటికే కాగితం ఇచ్చేసి వెళ్తూ నాకు బొటనవేలు చూపించాడు. రెండు గంటలు అని టిక్కు పెట్టాను.

ఇంటికొచ్చేసరికి ఎవరూ లేరు. వంటింట్లో ఓవెన్‌లో చిన్న లైటు వెలుగుతోంది. ఇక్కడ చలికి పెరుగు తోడుకోదని మా కోడలు పొద్దున ఎనిమిదింటికే పాలల్లో తోడు వేసి, ఆ లైటు వేడికి లోపల పెట్టి ఆఫీసుకి వెళ్ళింది. లైటు ఆర్పి గిన్నె బయటికి తీశాను. వంచితే కదల్లేదు, గడ్డలా ఉంది. గడియారం వైపు చూడకుండా గరిటె తీసుకున్నాను.